గ్రంథాలయం కంప్యూటర్‌లోకి ఎక్కాలంటే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా గ్రంథాలయంలో 6,000 పుస్తకాలున్నాయి. యాక్సెషన్ రిజిస్టరు (వచ్చిన ప్రతి కాపీకీ నంబరు వేసి రాసుకునే పుస్తకం) మొత్తం ఎక్సెల్‌లో కొట్టించాం. దాన్ని కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే సరిపోతుందా?

జవాబు: ఉన్నదున్నట్టు ఎక్కించకండి. రిజిస్టరులో ప్రతి కాపీకీ ఒక వరుస ఉంటుంది. కేటలాగు పద్ధతి వేరు: ఒక ముద్రణకు ఒకే మార్క్ (కంప్యూటర్ కేటలాగుల ప్రామాణిక రూపం) రికార్డు, దాని కింద ఎన్ని కాపీలుంటే అన్ని ఐటమ్‌లు. ఐదు కాపీలున్న నిఘంటువు ఐదు వరుసలుగా వెళితే ఐదు వేరు పుస్తకాలైపోతుంది. పాఠకుడు అందులో ఒకదాన్ని రిజర్వు చేసుకున్నాడనుకోండి, మిగతా నాలుగు అరలోనే ఉన్నా సాఫ్ట్‌వేర్ వాటిని లెక్కలోకి తీసుకోదు. పుస్తకం గ్రంథాలయంలో ఉండగానే పాఠకుడు రోజుల తరబడి ఎదురుచూడాల్సి వస్తుంది.

అందుకని ముందు పేరు, రచయిత, ముద్రణ ప్రకారం వరుసల్ని సర్ది, ఒకటే అయినవాటిని కలపండి. ముద్రణ మారితే రికార్డు వేరు. మార్క్‌లో ప్రతి వివరానికీ ఒక నంబరు గడి ఉంటుంది: ఐఎస్‌బీఎన్ (పుస్తకపు అంతర్జాతీయ గుర్తింపు నంబరు) 020లోకి, రచయిత 100లోకి, పేరు 245లోకి వెళ్తాయి. కాపీల వివరాలు, అంటే యాక్సెషన్ నంబరు, బార్‌కోడ్, కాల్ నంబరు (అరలో పుస్తకం చోటు చెప్పే నంబరు), కోహాలో 952లో ఉంటాయి.

ఎక్సెల్‌తో ఇంకో ప్రమాదం ఉంది. 13 అంకెల ఐఎస్‌బీఎన్‌ను అది సంఖ్య అనుకుని దశాంశ బిందువుతో కుదించి చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా ఫైలుగా) సేవ్ చేస్తే చివరి అంకెలు సున్నాలైపోతాయి, మళ్లీ రావు. టైపు మొదలుపెట్టక ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాలి. అంకెలు సరైనవో కావో తేల్చడం సులువు: వరుసగా 1తో, 3తో మార్చి మార్చి హెచ్చించి కూడితే వచ్చే మొత్తం 10తో శేషం లేకుండా భాగింపబడాలి. ఉదాహరణకు 9780306406157కి మొత్తం సరిగ్గా 100.

ఐఎస్‌బీఎన్ సరిగా ఉంటే చాలా పుస్తకాలకు వివరాలు టైపు చేసే పనే లేదు. జడ్39.50 (వేరే గ్రంథాలయాల కేటలాగుల్లో వెతికే ప్రమాణం) ద్వారా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లాంటి చోట్ల నుంచి తయారు రికార్డు దించుకోవచ్చు. పని మాత్రం మొదటి అర నుంచి కాకుండా, కౌంటరుకు తిరిగొచ్చే పుస్తకాలతో మొదలుపెట్టండి. జనం చదివేవి ముందు కేటలాగులోకి వస్తాయి.

ప్రశ్న: తెలుగు పుస్తకాల పేర్లు తెరమీద చక్కగా కనిపిస్తున్నాయి, వెతికితే మాత్రం దొరకడం లేదు. ఎందుకు?

జవాబు: ముందు ఒక పేరును కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తే అది పాత డీటీపీ ఫాంట్‌లో కొట్టిన డేటా. కళ్లకు తెలుగే, లోపల ఉన్నది తెలుగు కాదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తుల్ని తప్పకుండా మనిషే సరిచూడాలి, ఎక్కువ తప్పులు అక్కడే వస్తాయి.

నోట్‌ప్యాడ్‌లోనూ తెలుగే వస్తే, కంటికి కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే (జీరో విడ్త్ నాన్ జాయినర్) అనే గుర్తును అనుమానించండి. పొల్లు తర్వాతి అక్షరంతో కలవకుండా ఆపేది అదే. ‘ఎన్‌సైక్లోపీడియా’, ‘ఎన్సైక్లోపీడియా’ మనకు ఒకటే మాట, కంప్యూటర్‌కు రెండు. కోహాలో జీబ్రా (వెతికే ఇంజిన్) వాడుతుంటే ఇండెక్సింగ్‌ను ఐసీయూ (యూనికోడ్ అక్షరాలకు సరిపడే పద్ధతి)కి మార్చి, ఆ గుర్తును వదిలేసేలా నియమం పెట్టి, మొత్తం రీఇండెక్స్ చేయాలి (వెతుకులాట సూచికను మళ్లీ కట్టాలి). రచయిత పేరు ఇంటిపేరుతో ఒకచోట, పొడి అక్షరాలతో ఒకచోట ఉంటే అథారిటీ రికార్డు (ఒకే పేరుకున్న రూపాలన్నిటినీ కలిపే రికార్డు) చేయండి: ఖాయం చేసిన రూపం 100లో, మిగతా రూపాలు 400లో.

ప్రశ్న: స్కానర్ ఒక్కోసారి బార్‌కోడ్‌కు బదులు పిచ్చి అక్షరాలు కొడుతోంది. పాడైందా?

జవాబు: చాలావరకు కాదు. యూఎస్‌బీ స్కానర్ కీబోర్డులాగే పనిచేస్తుంది. కంప్యూటర్ ఆ సమయంలో తెలుగు కీబోర్డులో ఉంటే బార్‌కోడ్‌లోని ఇంగ్లిష్ అక్షరాలు తెలుగు అక్షరాలై పడతాయి. ఇష్యూ కౌంటరులో ఇంగ్లిష్ కీబోర్డే ఉంచండి. కొత్తగా బార్‌కోడ్‌లు వేస్తుంటే అంకెలతోనే వేయించండి.

ప్రశ్న: ఇప్పుడే ఆర్ఎఫ్ఐడీకి (రేడియో తరంగాలతో చదివే ట్యాగుల పద్ధతికి) వెళ్లడం మంచిదా?

జవాబు: 6,000 పుస్తకాలకు ముందు బార్‌కోడ్ చాలు. కౌంటరులో వరుసలు పెరిగినప్పుడు, స్టాక్ వెరిఫికేషన్‌కు రోజులు పడుతున్నప్పుడు ఆర్ఎఫ్ఐడీ గురించి ఆలోచించండి. గ్రంథాలయాల్లో ఎక్కువగా వాడేవి 13.56 మెగాహెర్ట్జ్ ట్యాగులు. లోహపు అరలు, మెరుపు రేకు అట్టలు వీటి సంకేతాన్ని అడ్డుకుంటాయి. పలుచటి పుస్తకాలన్నిటికీ ఒకేచోట అంటిస్తే ట్యాగులు ఒకదాని మీద ఒకటి వచ్చి కొన్ని చదవబడవు. పైన, మధ్యలో, కింద మార్చి మార్చి అంటించాలి.

ఇష్యూ చేసిన పుస్తకానికీ ట్యాగును పసిగట్టే భద్రతా గేటు మోగుతోందంటే, ఎవరో నంబరు చేత్తో కొట్టి ఇష్యూ చేసి ఉంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఇష్యూ అయింది, ట్యాగులోని భద్రతా గుర్తు మాత్రం మారలేదు. నిజాయితీగా తీసుకెళ్లే పాఠకుణ్ణి గేటు దగ్గర నిలబెట్టే పొరపాటు ఇది. సిబ్బందికి మొదటి రోజే చెప్పాల్సిన మాట.

ప్రశ్న: సర్వర్ ఆగిపోతే ఇష్యూలు ఆపేయాలా?

జవాబు: అక్కర్లేదు. సమయం, సభ్యుడి నంబరు, పుస్తకం బార్‌కోడ్, ఇష్యూనా రిటర్నా, ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి. సర్వర్ వచ్చాక జరిగిన వరుసలోనే ఎక్కించాలి. వరుస తప్పితే, తిరిగొచ్చి వేరొకరికి వెళ్లిన పుస్తకం అరలో ఉన్నట్టు చూపిస్తుంది. రిటర్న్‌లకు అసలు తేదీ వేయండి, లేకపోతే గడువులోపు తెచ్చిచ్చినవారికి జరిమానా పడుతుంది.