దక్షిణ తీరానికి ఒక్కడివే వెళ్ళకు

ముమ్మిడివరం అబ్బాయి ఒకడు మారిషస్ వచ్చి రెండు నెలలైంది. ఆదివారం కారు అద్దెకు తీసుకుని దక్షిణ తీరమంతా చూసి రావాలనుంది, జాగ్రత్తలు చెప్పండి అని అడిగాడు. ఎవరితో వెళ్తున్నావు అంటే ఒక్కడినే అన్నాడు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. కొత్తగా వచ్చిన మిగతా పిల్లలూ చదువుకోండి.

నేనిప్పుడు సెలవు మీద తాళ్లరేవులో మా అన్నయ్య ఇంట్లో ఉన్నాను. నిన్న ఆ అబ్బాయి వాళ్ళ అమ్మగారు ఆటో కట్టించుకుని వచ్చారు. "అన్నీ బాగానే ఉన్నాయంటాడండి. గొంతు మాత్రం బాగోదండి" అన్నారు. ఆవిడ వెళ్ళాక చాలాసేపు నాకు ఏ పనీ తోచలేదు.

లైసెన్సు, ఇన్సూరెన్సు సంగతులు కారు ఇచ్చేవాళ్ళను అడుగు, వివరంగా చెబుతారు. అక్కడా మనలాగే ఎడమ పక్కనే నడపాలి కాబట్టి నీకు చెయ్యి కొత్త కాదు. దూరం గురించి కంగారు వద్దు. ఆ ద్వీపం ఈ చివర నుంచి ఆ చివరకు 65 కిలోమీటర్లే, మన రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్ళినంత.

2004లో నేనూ ఇలాగే బయల్దేరాను. బట్టల ఫ్యాక్టరీలో అకౌంట్స్ పని, రోజ్ హిల్‌లో అద్దె గది. జులై నెల. ఆదివారం కదా అని తీరిగ్గా లేచి, తలంటు పోసుకుని, పదకొండింటికి కారు తీశాను. ఒంటి మీద పల్చటి చొక్కా. దారిలో ఏదో ఒకటి తినొచ్చులే అనుకున్నాను. ఇక్కడ ఆషాఢం అంటే అక్కడ చలికాలం అని తెలుసు గానీ, తెలియడం వేరు, ఆగ్నేయం నుంచి వీచే ఆ గాలిలో నిలబడడం వేరు.

తమారిన్ దాటి, బ్లాక్ రివర్ దాటి, ల మోర్న్ కొండ కిందికి వచ్చేసరికి రెండయింది. ఎత్తు 556 మీటర్లే అయినా సముద్రం పక్కనే నిట్టనిలువుగా లేస్తుంది. యజమానుల నుంచి పారిపోయిన బానిసలు ఒకప్పుడు ఆ కొండ మీద దాక్కున్నారు. 2008లో యునెస్కో దాన్ని వారసత్వ స్థలంగా గుర్తించింది. అది దాటాక రోడ్డు చాలాచోట్ల సముద్రాన్ని ఒరుసుకునే పోతుంది. మన ఉప్పాడ రోడ్డు గుర్తుకొచ్చింది. అయితే అక్కడ పగడపు దిబ్బ అడ్డం ఉండడంతో ఒడ్డున నీళ్ళు చెరువులా నిలకడగా ఉంటాయి.

బే ద్యు కాప్ దగ్గర మకోండే అని ఒక రాతి మలుపు ఉంది. మెట్లెక్కితే ఒకవైపు రోడ్డు, ఒకవైపు సముద్రం, రెండూ కనిపిస్తాయి. పైన ఒక కుటుంబం ఫొటో తియ్యమని కెమెరా నా చేతికిచ్చింది. తీశాను. థాంక్స్ చెప్పి దిగిపోయారు. నా కెమెరా నా మెడలోనే ఉండిపోయింది. ఆ రోజు నా ఫొటో ఒక్కటీ లేదు.

కిందికి వస్తే కొట్లన్నీ మూసేశారు. పల్లెల్లో ఆదివారం మధ్యాహ్నం తర్వాత దాదాపు అంతే. ఖాళీ కడుపుతోనే సుయాక్ ఊరి దగ్గర గ్రీ గ్రీ అనే చోటికి చేరాను. అక్కడ పగడపు దిబ్బ లేదు, అలలు నేరుగా వచ్చి నల్లరాళ్ళ మీద పడతాయి. ఈతకు దిగకు, చాలా ప్రమాదం. ఆరవకుండానే చీకటి పడింది. ఇంట్లో మారిషస్ కంటే గంటన్నర ముందు టైము, అంటే అమ్మ వంట ముగించుకునే వేళ. ఫోన్ చేసి, స్నేహితులతో షికారుకి వచ్చానమ్మా అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఎవరి మాటా వినబడదేంరా? గాలి హోరొక్కటే వస్తోంది" అంది.

ఆ వారం ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్ పెద్దాయన నీది ఏ ఊరు అని ఇంగ్లీషులో అడిగారు. తాళ్లరేవు అంటే తెలియలేదు. కోరంగి పక్కన అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "కొరింగీ! మా తాతల్ని అలాగే పిలిచేవారు!" 1839 తుఫానుకు దెబ్బతిన్న ఈ రేవు పేరు, చెరకు తోటల్లో పనికి ఓడలెక్కిన మనవాళ్ళకు అక్కడ ఇంటిపేరులా అతుక్కుపోయింది. ఆయనకు తెలుగు మాట్లాడడం రాదు, అక్కడి వాడుక భాష క్రియోలే. కానీ రామభజన ఎత్తుకుంటే తప్పు పోదు.

మరుసటి ఆదివారం ఏడింటికల్లా నన్ను తమ వ్యానులో ఎక్కించుకున్నారు, ముందు సీటు నాకిచ్చి. దారిలో డాల్ పూరీ కొన్నారు. బొబ్బట్టులా మెత్తగా, పల్చగా ఉంటుంది గానీ తీపి ఉండదు, లోపల ఉడికించిన పప్పు పొడి. రెండేసి కలిపి, చిక్కుడు గింజల కూర, టమాటా కూర, పచ్చిమిర్చి పచ్చడి రాసి కాగితంలో చుట్టిస్తారు. మొదటిది తింటుండగా పచ్చడి మోచేతి దాకా కారింది. ఆయన భార్య తన కొంగుతో తుడిచింది. అదే రోడ్డు, అదే మకోండే. ఈసారి నా ఫొటోలు పదకొండు ఉన్నాయి, ఇప్పటికీ దాచుకున్నాను.

మీలాంటి పిల్లలకు మొదట్లో గది, ఆఫీసు, ఫోన్ తప్ప ఇంకేం పట్టదు, నేను చూస్తూనే ఉన్నాను. శనివారం తెలుగువాళ్ళ గుడికి వెళ్ళి భజనలో వెనక కూర్చో. ఊరడిగితే ముందు కోరంగి అని చెప్పు. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవుందంటే ఎంతమంది మనవాళ్ళున్నారో ఆలోచించు. ఎవరూ దొరకని ఆదివారం ఉంటే కారు తియ్యకు, ఆ డబ్బు మిగుల్చుకో, గదిలో పడుకుని అమ్మకు నిజం చెప్పు. నేను ఇరవై ఏళ్ళు అక్కడ నిలదొక్కుకున్నది జీతంతో కాదు, ఆ ఇంటి భోజనాలతో.

వచ్చే శుక్రవారం నేను తిరిగి వచ్చేస్తున్నాను. మీ అమ్మగారిచ్చిన ఆత్రేయపురం పూతరేకుల డబ్బా విరక్కుండా చేతిసంచిలోనే పెట్టుకున్నాను. పెద్దాయన కొడుక్కి ఫోన్ చేసి చెప్పాను, వ్యానులో చోటుందట. ఆదివారం ఏడింటికల్లా వాళ్ళ వాకిట్లో ఉండు. స్వెటర్ వేసుకునిరా.