అమెరికాలోని గాల్వెస్టన్ దగ్గర కోల్డ్ ఫ్రంట్ (దూసుకొచ్చే చల్లగాలి అంచు) దాటాక రెడ్‌ఫిష్ అనే సముద్రపు చేపలు ఎక్కడికి పోతాయి?

దూరం పోవు, లోతుకు దిగుతాయి. టెక్సస్ తీరంలో చలికాలపు ఫ్రంట్ దాటగానే ఉత్తరపు గాలి బలంగా వీచి, అఖాతంలోని నీటిని సముద్రంవైపు నెట్టేస్తుంది. నిన్న మోకాలి లోతు నీళ్లున్న చోట ఇవాళ బురద నేల బయటపడుతుంది. దాంతో చేపలు పక్కనున్న కాలువల్లోకి, గుంటల్లోకి చేరతాయి. చల్లటి నీటిలో వాటి చురుకు తగ్గుతుంది, ఎర వెంట పడవు. అందుకే గాలం వేయడానికి తెల్లవారుజామున వణుకుతూ వెళ్లకండి. మధ్యాహ్నం ఎండకు నల్లటి బురద నేల కాస్త వేడెక్కాక వెళ్లి, ఎరగా గుచ్చిన రొయ్యను అడుగున ఆనించి చాలా నెమ్మదిగా లాగండి.

నన్నడిగితే, అసలు మంచి సమయం ఫ్రంట్ రావడానికి కాస్త ముందే. అప్పుడవి ఆబగా తింటాయి.

అక్కడ మామూలుగా 20 నుంచి 28 అంగుళాల చేపలనే ఉంచుకోవచ్చు, రోజుకు మూడు. చిన్నవాటిని దయచేసి ప్రాణాలతో వదిలేయండి.