బ్యాకప్ సర్వర్‌కి డిస్క్ ఎలా కలుపుతావ్ అని అడిగితే తడబడ్డ తమ్ముడికి

ఒక తమ్ముడు రాశాడు: "అన్నా, మాది సూర్యాపేట. బీటెక్ ఈసీఈ అయిపోయింది, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉంటూ అమీర్‌పేటలో లినక్స్ కోర్స్ చేశా. మొన్న గచ్చిబౌలిలో ఒక ఇంటర్వ్యూలో 'హార్డెన్డ్ లినక్స్ బ్యాకప్ సర్వర్ 90 శాతం నిండింది, కొత్త వాల్యూమ్ ఎలా కలుపుతావ్' అని అడిగారు. పీవీక్రియేట్, వీజీఎక్స్‌టెండ్, ఎల్వీఎక్స్‌టెండ్ అని చెప్పా. ఆయన 'ఇంకా?' అన్నాడు, నాకేం తోచలేదు, రిజెక్ట్ అయింది. నాన్నేమో డిస్కులు కలపడానికా నిన్ను ఇంజనీరింగ్ చదివించింది, డేటా సైన్స్ కోర్స్‌లో చేరు, డబ్బులు నేను కడతా అంటున్నాడు. ఇందులోనే ఉండాలా, మారిపోవాలా?"

తమ్ముడూ, ముందు పరేషాన్ కాకు. నువ్వు చెప్పిన మూడు కమాండ్లూ (కొత్త డిస్క్‌ని సిద్ధం చేసి, గ్రూప్‌లో కలిపి, వాల్యూమ్ పెంచేవి) కరెక్టే, మామూలు సర్వర్ అయితే ఆయన అక్కడితో తల ఊపేవాడు. కానీ ప్రశ్నలో "హార్డెన్డ్", అంటే దొంగలు చెరపలేనట్టు గట్టిగా బిగించిన, అనే మాట ఉంది చూడు, నువ్వు దాన్ని దాటేసి డిస్క్ దగ్గరికి వెళ్ళిపోయావ్, ఆయన "ఇంకా" అన్నది దాని కోసమే. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను చాలా ఏళ్ళు స్టోరేజ్, బ్యాకప్ టీముల్లోనే పనిచేశా, ఎదురుగా కూర్చున్నాయన ఏం వినాలనుకున్నాడో నాకు తెలుసు కాబట్టి ముందు అది చెప్తా, నాన్నగారి సంగతి తర్వాత.

2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద ఎటాక్ జరిగినప్పుడు అంత పెద్ద ఆసుపత్రిలో ఓపీ రాయడం, రిపోర్టులు ఇవ్వడం రోజుల తరబడి కాగితాల మీద, చేత్తో నడిచింది. ఇట్లా డేటాకి తాళం వేసి డబ్బులడిగే దొంగలు లోపలికి దూరాక వెంటనే డేటా లాక్ చేయరు, ముందు బ్యాకప్ ఎక్కడుందో వెతుకుతారు, అది చేతిలో ఉంటే ఎవరూ డబ్బులివ్వరు కాబట్టి దాన్ని చెరిపేయాలని చూస్తారు. హార్డెన్డ్ సర్వర్ పుట్టింది అందుకే. వీమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఇది 2021లో వచ్చిన వెర్షన్ 11 నుంచి ఉంది: ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) ఆపేసి ఉంచుతారు, బ్యాకప్ రాసే యూజర్‌కి సుడో (అడ్మిన్ అధికారం) ఉండదు, ఫైల్ రాయడం అయ్యాక దాని మీద ఇమ్యూటబుల్ ఫ్లాగ్ పడుతుంది, కనీసం 7 రోజుల పాటు దాన్ని ఎవరూ చెరపలేరు, మార్చలేరు. బ్యాకప్ కన్సోల్ అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగ చేతిలో పడినా సరే.

అయితే అసలు సంగతి ఇక్కడుంది. ఆ ఫ్లాగ్‌ని రూట్ (సర్వర్ మీద అన్ని అధికారాలూ ఉన్న యూజర్) తీసేయగలడు. అంటే ఆ తాళం బలమంతా రూట్ తలుపు మూసి ఉండటంలోనే ఉంది. మరి కొత్త డిస్క్ ఫార్మాట్ చేయాలన్నా మౌంట్ చేయాలన్నా (ఒక ఫోల్డర్‌కి తగిలించాలన్నా) రూట్ కావాలి కదా, అంటే నెలల తరబడి మూసి ఉన్న తలుపుని ఆ గంటసేపు నువ్వే తెరుస్తున్నావన్నమాట, ఆ సర్వర్ జీవితంలో దానికి అన్నిటికంటే ప్రమాదమైన గంట అదే. నీ నోటి నుంచి ముందు రావాల్సింది ఎల్వీఎక్స్‌టెండ్ కాదు, "చేంజ్ అప్రూవల్ తీసుకుంటా, సర్వర్ కన్సోల్ దగ్గర నుంచే చేస్తా, పక్కన ఇంకొకళ్ళు చూస్తూ ఉంటారు, అయిపోయాక తెరిచినవన్నీ మూసి, మూసుకున్నాయో లేదో చెక్ చేసి లేస్తా" అన్న మాట. పని సులువు కోసం రాత్రి ఎస్‌ఎస్‌హెచ్ ఆన్ చేసి, రేపొద్దున ఆపుదాంలే అని ఇంటికి పోయినవాళ్ళని నేను చూశా. అది చిన్న తప్పు కాదు, ఆ సర్వర్‌ని అంత కష్టపడి కట్టిన ఉద్దేశమే పోతుంది. ఐడ్రాక్, ఐఎల్‌ఓ లాంటి రిమోట్ మేనేజ్‌మెంట్ పోర్ట్ గురించి కూడా ఒక ముక్క చెప్పు, అది చేతికి చిక్కినవాడు ఫైళ్ళ జోలికే పోకుండా ఏకంగా రెయిడ్ వాల్యూమ్‌నే (కొన్ని డిస్కులు కలిపి ఒకటిగా కట్టినదాన్ని) లేపేయగలడు, అందుకే దాన్ని వేరే నెట్‌వర్క్‌లో పెట్టాలి.

డిస్క్ కలిపే ముందు అసలు ఎందుకు నిండిందో అడగాలి. ఎవరైనా ఇమ్యూటబుల్ రోజుల్ని 14 నుంచి 30కి పెంచారేమో, అట్లయితే మధ్యలో చెరిపి జాగా చేసుకునే దారే లేదు, ఎన్ని డిస్కులు కావాలో ఆ లెక్కని బట్టే తేలుతుంది.

ఇప్పుడు కలపడం. రెండు దారులున్నాయి, ఏది ఎందుకు తీసుకున్నావో చెప్పగలగాలి. ఒకటి, ఉన్న వాల్యూమ్‌నే పెద్దది చేయడం. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్ళని సర్దే పద్ధతి) నడుస్తుండగానే పెరుగుతుంది, ఎల్వీఎక్స్‌టెండ్ తర్వాత ఎక్స్‌ఎఫ్‌ఎస్ గ్రోఎఫ్‌ఎస్ అని కొడితే చాలు (నువ్వు ఇంటర్వ్యూలో ఇది కూడా వదిలేశావ్), కానీ పెంచినదాన్ని మళ్ళీ వెనక్కి తగ్గించలేం. ఇంకో చిక్కు, పాత రెయిడ్ గ్రూప్ ఒకటి, కొత్త డిస్కులతో కట్టిన రెయిడ్ గ్రూప్ ఇంకొకటి, ఈ రెండిటినీ కలిపి ఒకే ఫైల్‌సిస్టమ్ చేస్తే వాటిలో ఏ ఒక్కటి పోయినా మొత్తానికే ఎసరు. నేనైతే కొత్త రెయిడ్ గ్రూప్‌కి వేరే వాల్యూమే పెడతా.

ఆ రెండో దారిలో తెలుసుకోవాల్సింది రీఫ్లింక్. వారం వారం కొత్త ఫుల్ బ్యాకప్ తయారయ్యేటప్పుడు పాత ఫైళ్ళలో ఉన్న బ్లాకులని మళ్ళీ కాపీ చేయకుండా ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో వాటినే చూపించి వదిలేస్తారు, అందుకే నాలుగు ఫుల్స్ ఉన్నా జాగా నాలుగింతలు పట్టదు. కానీ ఈ చూపించడం ఒక ఫైల్‌సిస్టమ్ లోపలే కుదురుతుంది, గోడ దాటి పక్క వాల్యూమ్‌లో బ్లాక్‌ని చూపించలేదు. అందుకని ఒక మెషీన్ బ్యాకప్ చైన్ (ఫుల్, దాని మీద ఆధారపడ్డ తర్వాతి బ్యాకప్‌లు) మొత్తం ఒకే వాల్యూమ్‌లో ఉండాలి. వీమ్‌లో రెండు వాల్యూమ్‌లని రెండు రిపాజిటరీలుగా పెట్టి స్కేల్‌అవుట్ కింద ఒకే గుంపుగా కలిపి, చైన్‌ని ఒకేచోట ఉంచే డేటా లొకాలిటీ అనే పాలసీ పెట్టేది ఇందుకే. కొత్త వాల్యూమ్‌లోకి వెళ్ళిన జాబ్ అక్కడ మొదటి ఫుల్ మళ్ళీ మొదటి నుంచి రాస్తుంది, అది 6 టీబీ అయితే 6 టీబీ జాగా పోయినట్టే, ముందే లెక్కలో వేసుకో. ఫార్మాట్ చేసేటప్పుడు రీఫ్లింక్ ఆన్ ఉందో లేదో చూసుకో. కొత్త ఫోల్డర్ ఓనర్‌గా ఆ సుడో లేని బ్యాకప్ యూజర్‌నే పెట్టి పర్మిషన్ 700 (ఓనర్‌కి మాత్రమే) ఇవ్వు. ఎర్రర్ వచ్చిందని 777 కొట్టి అందరికీ తెరిచిపెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, నువ్వు వాళ్ళలో ఒకడివి కావద్దు.

ఇక మౌంట్. దీని గురించి నా గొడవ ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కింద ఒక కంపెనీలో కొత్త డిస్క్‌ని ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైల్) యూయూఐడీతో (మారని గుర్తింపు నంబర్) కాకుండా ఎస్‌డీబీ అని పేరుతోనే రాశా, పైగా నోఫెయిల్ (డిస్క్ రాకపోయినా ఆగకుండా లేవమని) అని పెట్టా. కొన్ని వారాలు బానే నడిచింది. ఒక రాత్రి రీబూట్ అయ్యాక డిస్కుల పేర్లు అటూ ఇటూ మారాయి, మౌంట్ కాలేదు, నోఫెయిల్ ఉంది కాబట్టి సర్వర్ ఏమీ అనకుండా లేచి కూర్చుంది. అప్పట్లో మా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రూట్‌గానే నడిచేది, అది వెళ్ళి ఖాళీ ఫోల్డర్‌లో, అంటే ఓఎస్ డిస్క్ మీదే రాయడం మొదలుపెట్టింది, తెల్లారేసరికి ఆ ఓఎస్ డిస్క్ నిండి సర్వర్ పడిపోయింది, ఆ రాత్రి బ్యాకప్ ఒక్కటి కూడా లేదు. తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి యూయూఐడీ తప్ప వేరేది రాయను, మౌంట్ చేయకముందే ఆ ఖాళీ ఫోల్డర్ మీద చాట్టర్ ప్లస్ ఐ (ఇందాకటి ఇమ్యూటబుల్ ఫ్లాగ్ పెట్టే కమాండ్) కొట్టేస్తా, డిస్క్ రాకపోతే దాంట్లో రూట్ కూడా ఏమీ రాయలేడు, జాబ్ ఫెయిలై మనకి వెంటనే తెలుస్తుంది. ఎఫ్‌స్టాబ్ మార్చాక ఫైండ్‌మౌంట్ వెరిఫై నడిపి, మౌంట్ హైఫన్ ఏ కొట్టి, వీలైతే నువ్వు అక్కడుండగానే ఒకసారి రీబూట్ చేసి చూసుకో.

ఇదంతా చదివితే రాదు, చేతితో చేయాలి. నీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి రాకీ లినక్స్ పెట్టు, రెండూ ఫ్రీనే, 10 జీబీ వర్చువల్ డిస్కులు రెండు తగిలించు. ఒక దాంట్లో 2 జీబీ ఫైల్ పెట్టి సీపీకి రీఫ్లింక్ ఆల్వేస్ ఇచ్చి కాపీ చెయ్, డీఎఫ్ (ఖాళీ జాగా చూపించే కమాండ్)లో జాగా దాదాపు కదలదు. అదే కాపీ రెండో డిస్క్‌లోకి చెయ్, క్రాస్ డివైస్ లింక్ అని ఎర్రర్ వస్తుంది, ఇందాక చెప్పిన గోడ అదే, కళ్ళారా చూడు. తర్వాత ఒక ఫైల్ మీద ఇమ్యూటబుల్ ఫ్లాగ్ పెట్టి రూట్‌గానే ఆర్ఎం (చెరిపే కమాండ్) కొట్టు, ఆపరేషన్ నాట్ పర్మిటెడ్ అంటుంది, ఆ వెంటనే ఫ్లాగ్ తీసేసి మళ్ళీ కొట్టు, పోతుంది. రూట్ తలుపు గురించి నేనెందుకంత గట్టిగా చెప్తున్నానో అప్పుడు అర్థమవుతుంది.

నాన్నగారి మాట. ఆయన కోపంలో భయం ఉంది, కొడుకు చిన్న పనిలో ఇరుక్కుపోతాడేమోనని. డేటా సైన్స్ చెడ్డదని నేననను, కానీ స్టాటిస్టిక్స్ మీద ఇష్టం లేకుండా, ఇక్కడ ఒక ఇంటర్వ్యూ పోయిందనే కారణంతో అటు వెళ్ళడం మాత్రం వద్దు. నీ ఉత్తరంలో లినక్స్ గురించి ఒక్క ఫిర్యాదు కూడా లేదు, జవాబు రాలేదన్న బాధే ఉంది, నాకది మంచి గుర్తు అనిపించింది. ఆయన కట్టాలనుకున్న డబ్బులో కొంత ఆర్‌హెచ్‌సీఎస్ఏ (రెడ్ హ్యాట్ వాళ్ళ లినక్స్ సర్టిఫికెట్) పరీక్షకి అడుగు. అది మూడు గంటల ప్రాక్టికల్ పరీక్ష, 300కి 210 రావాలి, ఎల్‌వీఎం (నీ మూడు కమాండ్ల పద్ధతి) పెంచడం, యూయూఐడీతో మౌంట్ చేయడం అన్నీ అందులోనే ఉన్నాయి. ఇదంతా పాతకాలం పని, క్లౌడ్ వచ్చాక ఎందుకు అని ఆయన అడిగితే, అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ వాళ్ళు 2022లో మన హైదరాబాద్‌లోనే రీజియన్ (డేటా సెంటర్ల గుంపు) తెరిచారని, అక్కడ కూడా ఎస్3 అనే స్టోరేజ్‌లో ఆబ్జెక్ట్ లాక్ అని ఇదే ఆలోచన వేరే రూపంలో ఉందని చెప్పు. ఒకటి మాత్రం దాచకుండా చెప్పు నాన్నకి: మొదట్లో ఎల్1 (మొదటి మెట్టు సపోర్ట్) ఉద్యోగమే వస్తుంది, నైట్ షిఫ్టులుంటాయి, బ్యాకప్‌లు నడిచేవే ఎక్కువగా రాత్రుళ్ళు కదా.

అమీర్‌పేటలో ఎవరైనా రెండేళ్ళ దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం అంటే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్. ఇది నమ్మకం మీద నడిచే పని, కంపెనీ మొత్తం పోయినా మిగలాల్సిన ఆఖరి కాపీ తాళం నీ చేతికి ఇస్తారు, రెజ్యూమెలో అబద్ధం రాసినవాడికి ఎవరిస్తారు? "ల్యాబ్‌లో చేశా, ఇక్కడిక్కడ ఫెయిలయింది, ఇట్లా సరిచేశా" అని ఉన్నదున్నట్టు రాయి.

నెల రోజులు ఆ ల్యాబ్ మీద కూర్చో. తర్వాత ఆ గచ్చిబౌలి కంపెనీ హెచ్‌ఆర్‌కే ఒక మెయిల్ పెట్టు, ఆ రోజు జవాబు రాని ప్రశ్న ఇప్పుడు చేసి చూశానని నాలుగు లైన్లు రాసి, ఖాళీ ఉంటే మళ్ళీ పిలవమని అడుగు. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే ఎర్రర్ స్క్రీన్‌షాట్‌తో పాటు ఎఫ్‌స్టాబ్‌లో నువ్వు రాసిన లైన్ కూడా పంపు, చూసి చెప్తా.