నాన్నగారు రోజూ నడుస్తున్నా మతిమరుపు తగ్గలేదన్న ప్రశ్నకు సమాధానం

ముందుగా అనుమానించవలసింది నడక వేగాన్ని. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర మిత్రులతో ఆగి ఆగి సాగే గంట నడక మనసుకు హాయినిస్తుంది గాని, గుండె వేగాన్ని పెంచదు.

1. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. చాలామంది వదిలేసేది ఇదే; దయచేసి రేపే పక్కన నడిచి గమనించండి.

2. 10 నిమిషాలతో మొదలుపెట్టి క్రమంగా 40కి పెంచి, వారానికి 3 రోజులు, ఏడాదిపాటు కొనసాగించాలి. 2011లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో ఇలా నడిచిన వృద్ధులలో, జ్ఞాపకశక్తికి కీలకమైన మెదడు భాగం హిప్పోక్యాంపస్ పరిమాణం సుమారు 2 శాతం పెరిగింది. కేవలం ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవారిలో అది 1.4 శాతం తగ్గింది.

3. మన ఎండలకు నడక మానకుండా, పొద్దెక్కకముందే ముగించాలి.

4. మతిమరుపుకు వేరే కారణాలూ ఉండవచ్చు కాబట్టి విటమిన్ బీ12, థైరాయిడ్ పరీక్షలు తప్పక చేయించండి. గుండెజబ్బు ఉంటే వేగం పెంచేముందు వైద్యుణ్ణి అడగండి.