మట్టి దారుల కోసం హిమాలయన్ 411 మార్చి తేలికైన బండి తీసుకోవచ్చా?

మీ ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, ఇప్పుడున్నది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, ఆదివారాలు హైదరాబాద్ నుంచి వికారాబాద్ వైపు మట్టి దారుల్లో తిరగడానికి తేలికైన బండి కావాలి, కానీ సీసీ (ఇంజన్ సైజు) తగ్గితే మజా పోతుందేమోనని మీ సందేహం. పోదండీ. నేనూ 411 కొన్నేళ్లు నడిపాకే హీరో వాళ్ల ఎక్స్‌పల్స్ 200 4వీకి మారాను.

హిమాలయన్ 199 కేజీలు, ఎక్స్‌పల్స్ 158 దాకా ఉంటుంది. రోడ్డు మీద ఈ నలభై కేజీల తేడా పెద్దగా తెలియదు. మొరం దారిలో రాళ్ల మధ్య ముందు చక్రం జారి బండి పక్కకు వాలినప్పుడు తెలుస్తుంది. హిమాలయన్ ఒక హద్దు దాటి వాలిందంటే ఇక ఆపలేం, వదిలేసి తప్పుకోవాల్సిందే. ఎక్స్‌పల్స్‌ని అదే చోట కాలు మోపి, తొడతో నెట్టి నిలబెట్టొచ్చు. పడిపోయినా, హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, సీటుకి నడుము ఆనించి, కాళ్ల బలంతో వెనక్కి అడుగులేస్తూ ఒక్కరే లేపొచ్చు. మట్టి దారుల్లో పడటం మామూలే. బరువు బండిని రెండు మూడుసార్లు లేపాక చేతుల్లో సత్తువ ఉండదు, క్లచ్ సరిగ్గా పట్టలేం, దాంతో మళ్లీ పడతాం. దెబ్బలు తగిలేది ఎక్కువగా అలా అలిసిపోయాకే. అందుకే నేను సీసీ కన్నా బరువే ముందు చూడమంటాను.

ఇంకో సంగతి. కాగితం మీద సస్పెన్షన్ ట్రావెల్ (గుంతల్లో చక్రం పైకీ కిందికీ కదిలే దూరం) హిమాలయన్‌దే ఎక్కువ: ముందు 200, వెనక 180 మిల్లీమీటర్లు. ఎక్స్‌పల్స్‌ది 190, 170. అయినా గుంతల్లో ఎక్స్‌పల్సే నాకు సాఫీగా అనిపించింది, దాని మీద పడే బరువు తక్కువ కాబట్టి.

ఇంజన్ విషయంలో మాత్రం తేడా ఒప్పుకోవాలి. 411కి 32 ఎన్ఎం టార్క్, కింది గేర్లలో ఆ లాగుడే వేరు. ఎక్స్‌పల్స్‌కి 17 పైచిలుకే. రాళ్ల ఎత్తు ఎక్కేటప్పుడు ఫస్ట్ గేర్, హాఫ్ క్లచ్ తప్పదు. చెయిన్ తిప్పే ముందు పళ్ల చక్రంలో (స్ప్రాకెట్) ఒక పన్ను తగ్గిస్తే చాలా నయం. హైవే మీద 80 దాటి గంటల తరబడి వెళ్లడానికి ఇది సరిపోయే బండి కాదు, వికారాబాద్ దూరానికైతే ఇబ్బంది లేదు.

కవాసాకి కేఎల్ఎక్స్ 230 ఇంకా తేలిక, 139 కేజీలే. మట్టిలో అదే మెరుగు, సందేహం లేదు. కానీ సీటు ఎత్తు 880 మిల్లీమీటర్లు, మీకు మునివేళ్లే ఆనతాయి. ట్యాంకు 7.6 లీటర్లు. విడిభాగాల కోసం నగరానికే రావాలి, అదే హీరో సర్వీస్ అయితే చిన్న ఊళ్లలోనూ దొరుకుతుంది. ఇంట్లో ఇంకో బండి ఉంటే కేఎల్ఎక్స్, ఒక్కటే బండి అయితే ఎక్స్‌పల్స్. కొత్త హిమాలయన్ 450 లడఖ్ లాంటి దూర ప్రయాణాలకు చాలా మంచి బండే, కానీ అదీ 196 కేజీలు, మీ సమస్య తీరదు.

మిగిలిన డబ్బు మొదట టైర్లకి, మోకాలి గార్డులకి, మంచి బూట్లకి పెట్టండి. మట్టిలో గాలి 20 పీఎస్ఐ దగ్గరికి దించితే పట్టు బాగుంటుంది, మరీ తగ్గిస్తే రాళ్లకు ట్యూబు నలిగి పంక్చర్ అవుతుంది. స్పేర్ ట్యూబు, చిన్న పంపు వెంట ఉండాల్సిందే. తాండూరు వైపు రేగడి నేలల్లోకి వాన పడ్డాక దిగకండి, ఏ బండైనా చక్రం తిరగదు. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అనుమతి లేకుండా వెళ్లొద్దు, పొలాల పక్క డొంకదారులే కావలసినన్ని ఉన్నాయి.

కొనేముందు తెలిసినవాళ్ల ఎక్స్‌పల్స్ ఒక పూట అడిగి తీసుకోండి. గడ్డి మీద పడుకోబెట్టి, హెల్మెట్, గార్డులు అన్నీ వేసుకుని రెండు పక్కల నుంచీ లేపి చూడండి. తర్వాత మీ 411ని కూడా అలాగే లేపండి.