జనరేటరు తీగ కలిపే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

బొబ్బిలి

చి. అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూనే శని, ఆదివారాలు మందస దగ్గర మీ ఊళ్ళో ఉంటావని, పాత మహీంద్రా జీపు ఒకటి కొని నీ చేతులతోనే బాగుచేసుకుంటావని, అందుకోసం పెరట్లో రేకుల షెడ్డు, వెల్డింగు మిషను, జనరేటరు అన్నీ అమర్చుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆవిడ కోపంగా చెప్పింది కానీ నేను మాత్రం పొంగిపోయాను. చిన్నప్పుడు సెలవులకు మా ఇంటికి వస్తే నా పనిముట్ల గది వదలకుండా, నూనె మరకల గౌనుతో కూర్చుని నట్లన్నీ సైజుల వారీగా డబ్బాల్లోకి వేరుచేసిన పిల్లవు నువ్వు. నా స్పానర్లకు వారసులు ఎవరా అని నేను ఎన్నడూ వెతుక్కోలేదు. అయితే ఆ ఫోను పెట్టేసిన తరువాత చాలాసేపు నిద్ర పట్టలేదు. అందుకు కారణం జీపు కాదు, జనరేటరు. ఆ సంగతికి వస్తాను.

ముందు బండి మాట. ఇంజను పాడైతే భయపడకు. ఆ ఎం.ఎం. 540 జీపుల్లోని 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజను విప్పి బిగించగల మేస్త్రీలు మన వైపు ఇంకా ఉన్నారు, నువ్వూ నేర్చుకుంటావు. చూడవలసింది చాసిస్, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రం. మీ ఉద్దానంలో సముద్రపు గాలికి ఇనుమును తుప్పు లోపలి నుంచి తినేస్తుంది, పైన కొత్త రంగు మిలమిలలాడుతూనే ఉంటుంది. చిన్న సుత్తి తీసుకువెళ్ళి రెండు వైపులా పొడవునా తట్టుకుంటూ పో. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన చోట మొద్దు చప్పుడు వస్తుంది. కొత్తగా రంగు వేసిన చోట రెండుసార్లు తట్టు. చాసిస్ నంబరు నీ కళ్ళతో చూసి ఆర్.సి.తో పోల్చుకో. పదిహేనేళ్ళు దాటిన బండి కనుక రిజిస్ట్రేషను రెన్యువల్ అయి ఉందో లేదో అడుగు, అది ఐదేళ్ళకొకసారి చేయించాలి. పర్లాకిమిడి నుంచో బరంపురం నుంచో వచ్చిన ఒడిశా బండి అయితే ఎన్.ఓ.సి. చేతికి రాకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకు.

బండి కింద దూరేటప్పుడు జాకీని నమ్మకు. జాకీ ఉన్నది ఎత్తడానికే గాని మోయడానికి కాదు. ఎత్తిన వెంటనే చాసిస్ కింద ఇనుప స్టాండ్లు పెట్టి, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా కర్ర దిమ్మలు అడ్డుపెట్టి, భుజంతో ఒకసారి గట్టిగా తోసి చూసిన తరువాతే కిందికి వెళ్ళు. ఇటుకల దొంతర మీద బండి నిలిపే అలవాటు మన పల్లెల్లో ఉంది. ఇటుక ముందు చెప్పి పగలదు. నీ వయసు వాళ్ళు ఇలాంటి మాటలకు "అలాగే మావయ్యా" అని తలూపి తమ పని తాము చేసుకుంటారని నాకు తెలుసు. తల ఊపడం కాదు, స్టాండ్లు కొన్నాక ఫోటో పంపించు.

షెడ్డు రేకులకు మేకులు వద్దు, జె బోల్టులే వేయించు. చూరు బయటికి ఎక్కువ రానివ్వకు, ఎందుకంటే గాలి చూరు కిందికి దూరి రేకును లేపుతుంది.

ఇప్పుడు జనరేటరు సంగతి. ఇది మీ నాన్నగారిని అడిగి, ఆయన సరేనన్న తరువాతే రాస్తున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. రోడ్డు మీద పడిన చెట్లు నరికి దారి ఇచ్చాక నేను బియ్యం, కొవ్వొత్తులు, ఒక రంపం వేసుకుని మీ ఊరు చేరుకున్నాను. కొబ్బరి చెట్లు నడిమికి విరిగి, జీడి చెట్లు వేళ్ళతో సహా పెకలి పడి ఉన్నాయి, కరెంటు స్తంభాలు వరుసగా ఒరిగిపోయాయి. వీధిలో ఎవరింట్లోనూ తాగడానికి నీళ్ళు లేవు. మీ ఇంటి బోరు బాగానే ఉంది కాని మోటారు తిరగడానికి కరెంటు లేదు. మీ నాన్నగారు షామియానాలు సప్లయి చేసే వారిని బతిమాలి ఒక చిన్న జనరేటరు తెచ్చారు. మోటారు స్టార్టరు వంటింటి గోడకు ఉండడంతో, రెండు చివర్లా ప్లగ్గు ఉన్న తీగ ఒకటి తయారుచేసి, ఒక ప్లగ్గు జనరేటరుకు, రెండోది వంటింట్లోని 15 ఆంపియర్ల సాకెట్టుకు పెట్టారు. జనరేటరు కరెంటు వీధి తీగల్లోకి పోకుండా మెయిన్ స్విచ్ ముందే దించారు, దించి నన్ను పిలిచి చూపించారు కూడా. ఆ సాయంత్రం వీధి వీధంతా బిందెలు పట్టుకుని మీ వాకిట్లోకి వచ్చింది. మీ నాయనమ్మ అరుగు మీద కూర్చుని, పసిపిల్లలున్న వాళ్ళను ముందు పట్టుకోమని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తోంది. ఆయన చేసింది మంచి పని అని నేను ఆ రోజూ అనుకున్నాను, ఈ రోజూ అనుకుంటున్నాను.

మరునాడు మధ్యాహ్నం మోటారు నడుస్తుండగా, వేరే జిల్లా నుంచి వచ్చిన కరెంటు సిబ్బంది వీధి చివరి స్తంభం ఎక్కారు. అదే వేళకు ఇంట్లో ఉన్న బంధువు ఒకరు, స్తంభం మీద మనుషులను చూసి, లైను వచ్చిందేమోనని మెయిన్ పైకి వేశారు. మెయిన్ ఎందుకు దించి ఉందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు తీగ తుపానుకే తెగిపోయి ఉంది కనుక, మిగిలిన రెండు స్తంభాల తీగకూ మీ ఇల్లే సబ్‌స్టేషన్ అయింది. పైనుంచి కేక వినబడింది. నేను జనరేటరు పక్కనే ఉన్నాను కనుక ఇంజను ఆపగలిగాను. ఆ కుర్రవాడు నడుముకు కట్టుకున్న బెల్టు మీద వేలాడుతున్నాడు. కుడి అరచెయ్యి కాలింది. బతికాడు. మీ నాన్నగారు అతణ్ణి మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళి, కట్టు కట్టించి, అతని మేస్త్రీ వచ్చేవరకు మంచం పక్కనుంచి కదలలేదు. జనరేటరు ఆ రాత్రే తిరిగి ఇచ్చేశారు. ఈ ఏళ్ళన్నిటిలో ఆయన నోట మళ్ళీ ఆ మాట రాలేదు. నువ్వు షెడ్డుకు జనరేటరు కొన్నావని తెలిసినప్పుడు ఆయన మౌనంగా లేచి వెళ్ళిపోయారని మీ అమ్మ చెప్పింది. అది అయిష్టమని నువ్వు అనుకున్నావట. అది అయిష్టం కాదమ్మా.

తీగ తెగకుండా ట్రాన్స్‌ఫార్మర్ దాకా కలిసే ఉంటే ఇంకా ఘోరం. మన ఇళ్ళకు 11,000 వోల్టులను తగ్గించి ఇచ్చే ఆ పెట్టె, ఇంటివైపు నుంచి కరెంటు వెళితే అలాగే పెంచి పై తీగల్లోకి పంపుతుంది. ఆ తీగలు పట్టుకునే మనిషి నీకు కనబడేంత దూరంలో కూడా ఉండడు.

కాబట్టి మెయిన్ దించానన్న జ్ఞాపకం మీద ఆధారపడవద్దు. మీటరు తరువాత చేంజోవర్ స్విచ్ పెట్టించు. లైను, ఆఫ్, జనరేటరు అని మూడు స్థానాలుంటాయి. ఒకటి కలిసి ఉండగా రెండోది కలవడం దాని నిర్మాణంలోనే కుదరదు. చీకట్లో ఎవరు తిప్పినా, ఏ చుట్టం వచ్చి తిప్పినా కుదరదు. ఈ స్విచ్ మాట ఎత్తితే "తరువాత చూద్దాం" అన్నావట. ఏ తుపాను నువ్వు చూసుకునేదాకా ఆగుతుంది? బిగించే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుకే అప్పగించు. రెండు ప్లగ్గుల తీగ ఇంట్లో ఎక్కడ కనబడినా ముక్కలుగా కత్తిరించు. ఒక చివర ఊడి వచ్చిందంటే ఆ పిన్నులు కరెంటుతోనే నీ చేతిలో ఉంటాయి. జనరేటరును షెడ్డు లోపల నడపకు, దాని పొగకు వాసన తెలియకుండానే మనిషిని పడగొట్టే గుణం ఉంది.

మీది ఇసుక నేల, ఎండాకాలంలో ఎర్త్ సరిగా పట్టదు. గుంట లోతుగా తవ్వించి, పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు వేయించి, వేసవిలో నీళ్ళు పోస్తూ ఉండాలి. దానితోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్ అది. జీపు మీద వెల్డింగు చేసే ముందు బ్యాటరీ తీగలు విప్పెయ్, లేకపోతే ఆల్టర్నేటరు పోతుంది. జింకు పూత ఉన్న జి.ఐ. పైపులు వెల్డింగు చేస్తే జింకు పొగకు సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. మలేరియా అనుకుని మీ అమ్మ కంగారు పడుతుంది. అతికే చోట పూత గీకేసి, గాలికి ఎదురుగా కాకుండా పక్కగా నిలబడు.

చాసిస్ తట్టడానికి వెళ్ళే రోజు నాకు చెప్పు, పలాస రైలు స్టేషనులో కలుస్తాను. నా దగ్గర రెండు జతల స్టాండ్లున్నాయి, ఒక జత నీకు ఇచ్చేస్తాను. చేంజోవర్ స్విచ్ మాత్రం నువ్వే కొను, కొనేటప్పుడు మీ నాన్నగారిని వెంట తీసుకువెళ్ళు. ఆయన రానంటే రెండోసారి కూడా అడుగు.

ఇట్లు,
మీ మావయ్య