పాట దిగింది, క్లారినెట్ దిగలేదు

ప్రశ్న: మాస్టారూ, మా చర్చిలో క్రిస్మస్‌కు పాడే పాట నాలుగో శ్రుతిలో, అంటే ఎఫ్ మేజర్‌లో ఉంది. ఆడపిల్లలకు పైస్థాయి అందడం లేదని రెండో శ్రుతికి దించాలనుకున్నాను. సంగీతాన్ని గీతల మీద రాసే మ్యూజ్‌స్కోర్ సాఫ్ట్‌వేర్‌లో అన్నీ ఎంచుకొని కింది బాణం మీట మూడుసార్లు నొక్కితే కాగితం నిండా షార్పులూ ఫ్లాట్లూ చల్లినట్టు వచ్చాయి. క్లారినెట్ వాయించే అతను తనకు ఒక స్వరం పైకి రాయాలన్నాడు. అతని వరుసను రెండు మెట్లు, అంటే రెండు అర స్వరాలు, పైకి జరిపాను. తీరా కలిసి వాయిస్తే అతనొక్కడే వేరే ఊళ్లో ఉన్నట్టుంది. ఆల్టో శాక్సఫోన్ కూడా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: అతన్ని ఏమీ అనకండి. అతను చెప్పింది నిజమే. కాని ఆ పని మీకంటే ముందే సాఫ్ట్‌వేర్ చేసిపెట్టింది. బి ఫ్లాట్ క్లారినెట్ మీద సి వాయిస్తే బయటికి బి ఫ్లాట్ పలుకుతుంది. అందుకే దాని కాగితం పూర్తి స్వరం పైకి ఉండాలి. వాయిద్యాల జాబితాలోంచి బి ఫ్లాట్ క్లారినెట్‌ను తెచ్చుకుంటే ఆ లెక్క అదే చూసుకుంటుంది. దాని మీద మీరు ఇంకో రెండు మెట్లు ఎక్కించారు.

నేను ఇదే తప్పు చేత్తో చేశాను. సఖినేటిపల్లి వైపు ఒక పెళ్లికి బ్యాండుతో వెళుతూ, నరసాపురం రేవులో పంటు ఎక్కాక, పెట్టె మీద కాగితం పెట్టుకొని క్లారినెట్ వరుస రాశాను. పడవ కుదుపో, నా తొందరో, పైకి రాయాల్సింది కిందికి రాశాను. ఊరేగింపు మొదటి వీధి తిరగకముందే పెళ్లికూతురి మేనమామ వచ్చి, "ఆ నల్ల గొట్టం ఆపించండి" అన్నాడు. మీకు ఆ అవమానం అక్కర్లేదు. తెర మీదే ఒకసారి వాయించి వినండి, అక్కడే దొరుకుతుంది.

బాణం మీట స్వరాలను జరుపుతుందే గాని వరుస మొదట్లో ఉండి శ్రుతిని చెప్పే కీ గుర్తును మార్చదు. ఆ చల్లుడంతా అందుకే. మీ పాత ఫైలు తెరిచి, కింది పట్టీలో కాన్సర్ట్ పిచ్ మీట వేయండి. అప్పుడు అన్ని వాయిద్యాల వరుసలూ బయటికి పలికే స్వరాల్లోనే కనిపిస్తాయి. కంట్రోల్, ఏ నొక్కి మొత్తం ఎంచుకోండి. టూల్స్ మెనూలో ట్రాన్స్‌పోజ్ తెరిచి, కావలసిన కీ చూపించి, దిశ కిందికి పెట్టండి. కీ గుర్తులనూ, కార్డుల (కలిపి వాయించే స్వరాల గుంపుల) పేర్లనూ కూడా మార్చమనే గడుల్లో టిక్కు ఉందో లేదో చూడండి. కార్డులను మామూలు అక్షరాలుగా టైపు చేసి ఉంటే మాత్రం అవి కదలవు. పని అయ్యాక కాన్సర్ట్ పిచ్ తీసేసి అచ్చు తీయండి. ఆ మీట వేసి ఉండగానే తీస్తే క్లారినెట్ ఈసారి ఒక స్వరం కింద పలుకుతుంది.

సరిగమలు రాసుకొని పాడేవాళ్లకు ఈ బాధ లేదు. షడ్జం ఎక్కడ నిలిపితే శంకరాభరణం అక్కడినుంచే మొదలు. గీతల మీద రాసుకున్న పాపానికి మనమే ఇల్లు మారినప్పుడల్లా సామాను మోసుకోవాలి.

అసలు రెండో శ్రుతే ఎందుకు? డి మేజర్‌లో పెడితే క్లారినెట్ అతనికి ఈ మేజర్, నాలుగు షార్పులు. ఆల్టో శాక్సఫోన్ ఈ ఫ్లాట్ వాయిద్యం, దాని కాగితం ఇంకా పైకి ఉంటుంది కాబట్టి దానికి బి మేజర్, అయిదు. పెళ్లిళ్లలో వాయించే చేతులు చలికాలం పొద్దున ఆ వేళ్లు వేయలేవు. ఒక్క మెట్టు పైకి, రెండున్నర శ్రుతిలో పెట్టి చూడండి. అది ఈ ఫ్లాట్ మేజర్. అప్పుడు క్లారినెట్‌కు ఎఫ్ మేజర్, ఒక్క ఫ్లాట్. శాక్సఫోన్‌కు సి మేజర్, గుర్తే లేదు. పాట పై రిషభం దాకా వెళితే ఇప్పుడున్న జి కాస్తా ఎఫ్‌కు దిగుతుంది. మీ పిల్లల్లో ఇద్దరిని పిలిచి ఆ ఒక్క చరణం పాడించండి. అందితే డి జోలికి వెళ్లకండి.

ఇంకొకటి. మీ కీబోర్డు అబ్బాయి తన పెట్టె మీదున్న ట్రాన్స్‌పోజ్ మీటతో ఇప్పటికే మూడు మెట్లు దించి ఉంటాడు. కొత్త కాగితం చేతికిచ్చే ముందు దాన్ని సున్నాకు తెమ్మనండి.